పాడుచేయడానికి తెచ్చిన బోర్డులు

నా చిన్నప్పుడు పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డులో మా అమ్మకొక పీట ఉండేది. ఓ వేసవిలో ఆమె చెయ్యి విరిగింది. పీట ఖాళీగా ఉంటే ఇంకొకరొచ్చి కూర్చుంటారు, ఆ తర్వాత అమ్మకు చోటుండదు. నేను కూర్చుంటానన్నాను. కానీ కాల్చిన పిక్క మీదికి సుత్తి ఎత్తగానే నా చెయ్యి బిగుసుకుపోయేది. దెబ్బ పడితే పప్పు నుజ్జు. మేస్త్రి వచ్చి నా వెనక నిలబడితే ఆ దెబ్బా పడేది కాదు.

అదే షెడ్డులో పిక్కలు కొట్టే మా పక్కింటి అత్త ఇది గమనించింది. ఆ సాయంత్రం తన పెరట్లో నా ముందు ఒక గంప బోర్లించింది. నీళ్లలో తేలితే ఏరి పారేసే తాలు పిక్కలవి.

"కొట్టే. ఇందల పప్పు నేదు, నీకు భయమేటి? సెయ్యెంత బరువెయ్యాలో ముందది సూసుకో."

నేను నుజ్జు చేసినప్పుడల్లా "మేస్త్రికి సెప్పన్లే" అని నవ్వేది. ఆ నవ్వుతో నా చెయ్యి వదులైంది. మర్నాడు షెడ్డులో మేస్త్రి నా వెనకే నిలబడ్డాడు. పిక్క చీలి, పప్పు విరగకుండా గుండుగా బయటికొచ్చింది. అమ్మ పీట అమ్మకే మిగిలింది.

ఇప్పుడు నేను నందిగాం దగ్గర మా ఊరి బడి కమిటీలో ఉన్నాను. ప్రోగ్రామింగు నేర్పే ఖరీదైన కిట్టు ఒకటి బడి బీరువాలో ఉంది. పాడవుతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వరు. అలాంటిదే ఇంకొకటి కొనబోతుంటే అడ్డుపడ్డాను. ఆ సొమ్ముకే ఇద్దరు పిల్లలకొకటి చొప్పున అరచేతిలో పట్టే చవక ఎలక్ట్రానిక్ బోర్డులు వస్తాయి. బడిలో ఉన్న పాత కంప్యూటర్ల తెర మీద తెలుగు మాటలున్న ముక్కలు పేర్చి వాటికి పని చెప్పవచ్చు, ఆ సాఫ్ట్‌వేరు ఉచితం.

హెడ్మాస్టరు ఒప్పుకున్నారు గానీ, "ఒక్కటి పోయినా మిగతావన్నీ బీరువాలోకే మేడమ్. రేపు జవాబు చెప్పాల్సింది నేను" అన్నారు.

మొదటి రోజే ఏడో తరగతి పిల్ల ఒకతె బ్యాటరీ తీగలు తిరగేసి పెట్టింది. కమురు వాసన వచ్చి బోర్డు మీది దీపం ఆరిపోయింది.

"కాల్సీసేను మామ్మా" అంది, చేతులు రెండూ వెనక్కి దాచుకుని.

గదిలో పిల్లలంతా తమ బోర్డుల మీంచి చేతులు తీసేశారు. హెడ్మాస్టరు బీరువా తాళంచెవి బయటికి తీశారు.

"ఇవి పాడుచేయడానికే తెచ్చాం మాస్టారూ. తీగ ఎటు పెట్టకూడదో ఇప్పుడు అందరికీ తెలిసింది" అన్నాను. ఆ పిల్ల చేతిలో ఇంకో బోర్డు పెట్టాను. ఆయన తాళంచెవి పట్టుకునే ఆ పిల్ల వేళ్లకేసి చూస్తూ నిలబడ్డారు.

తీగ తగిలింది. పిల్ల చెప్పినట్టే దీపం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.

"ఏటే, మల్లీ కాల్సవు కదా!" అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. గదంతా నవ్వింది. తాళంచెవి ఆయన జేబులోకి వెళ్లిపోయింది.

బడికి ఏది కొనాలన్నా నేను ధర కన్నా ముందు అడిగేది ఒకటే: పిల్లలు దీన్ని పాడుచేస్తే మనం తట్టుకోగలమా? తట్టుకోలేమంటే, అదెంత గొప్ప వస్తువైనా కొత్త చేతుల కోసం చేసింది కాదు.