నీళ్లు కారే ఎండుకళ్లు

భావనపాడు ఒడ్డున నెత్తళ్లు ఎండబెట్టే ఆడవాళ్లలో కూర్మమ్మ ఏరిన సరుకుకు పేరుంది. వేలెడంత కూడా లేని ఆ చేపల్లో ఇసుక రేణువు కనిపించదు, పీత కాలు తగలదు. ఆ పేరు కోసమే ఆమె ఇన్నేళ్లూ నడుం వంచింది. ఈ ఏడు కళ్లు మొరాయించాయి. పొద్దెక్కేసరికి మంట, లోపల గరగర, పైన ధారగా నీళ్లు.

"ఏటి వదినా, పెనిమిటి పోయిననాడు ఏడవలేదు గానీ, నెత్తళ్ల మీద పడి ఏడస్తన్నావు?" అంది పక్కన కూర్చున్న రాణి.

"నీ సేతి కూర తిని నీ మొగుడు రోజూ ఏడస్తన్నాడు. ముందు ఆడి కళ్లు తుడు" అంది కూర్మమ్మ, తన కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ.

ఉప్పు చేపలు పోసుకునే కొంగు అది. ఎంత ఉతికినా ఉప్పు వదలదు. తుడిచేకొద్దీ మంట, మండేకొద్దీ తుడవడం. ఉక్కకు తాళలేక ఫ్యాను ముఖం మీదికి తిప్పుకుని పడుకునేది. తెల్లారేసరికి రెప్పలు విడేవి కావు.

చివరికి సరుకు కొనే సూరయ్యే వచ్చాడు. "బస్తాలో ఇసుక వస్తన్నాది అప్పా. ఇకనుంచి ఉప్పు పట్టించే పని సూసుకో. ఏరడం వేరేవోళ్లు సేస్తారు."

కూర్మమ్మకు ఆ రోజు అన్నం దిగలేదు. కోడలు దుర్గ ఆమెను ఆటో ఎక్కించి, టెక్కలి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి, తడి ఎంతుందో చూసింది. "కళ్లు ఎండిపోయాయి మామ్మా. చుక్కలు వేసుకోవాలి."

"ఎండిపోతే ఈ కారతన్నవేటి తల్లీ? ఏరులా పారతంటే పైనుంచి నువ్వూ నీళ్లు పోస్తావా?"

డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. కన్ను ఎండితే మంట పుడుతుంది, ఆ మంటకు నీళ్లు తన్నుకొస్తాయి. అవి జారిపోయే నీళ్లే తప్ప కంటిని పట్టి ఉండే తడి కాదు. కొంగు తగలనీయొద్దు. ఫ్యాను కాళ్లవైపు పెట్టుకో. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్లలో తడిపి, మూసిన రెప్పల మీద వేసుకో. గాలికి ఎదురు కూర్చోవద్దు. చేప మీద చూపు నిలిపి రెప్ప వేయడమే మరిచిపోతున్నావు, అంది.

"రెప్పెయ్యడం కూడా ఒకరు నేర్పాలి నాకు" అని కూర్మమ్మ దారంతా సణిగింది. అయినా చుక్కలు మానలేదు.

కొన్నాళ్లకు పొద్దుటిపూట చూపు తేటపడింది. మధ్యాహ్నం గాలి లేస్తే మాత్రం మళ్లీ గరగరే. ఆ ముక్క ఆమే సూరయ్యతో చెప్పింది.

"పొద్దుట నాను ఏరతాను. గాలి లేసాక దుర్గ ఏరతాది. ఇసుకొస్తే నా మొహాన్నే కొట్టు."

"సరే అప్పా. రేపు సూస్తాను" అన్నాడతను.

మర్నాడు గాలి లేచాక, ఇంతకాలం ఎవరినీ రానివ్వని తన చోట కూర్మమ్మ కాస్త పక్కకు జరిగింది. "కూసో" అంది కోడలితో. తను లేచి, నీడలోకి పోయి కళ్లు మూసుకుంది.