దెబ్బకు వెలిగే కత్తి

మా మామ గురించి చెప్పాలంటే ముందు నా కాలు గురించి చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమ కాలు చచ్చుబడిపోయింది. మరాఠీ రాజ్యం అంచున ఉన్న మా తెలుగు ఊరు సిరొంచలో నన్ను పేరు పెట్టి పిలిచేది అమ్మ ఒక్కతే. మామ, అంటే అమ్మ సొంత తమ్ముడు, నలుగురిలోనూ "అరే కుంటోడా" అనేవాడు. ఆయనకు నాటకం జట్టు ఉండేది. కోతలు అయిపోయాక ఊరూరా ఆడేవాళ్లు. రాజు వేషం ఎప్పుడూ ఆయనదే. నేను బజారులో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాణ్ణి.

నాకు ఒక్క వేషం కావాలని ఉండేది. రాజూ మంత్రీ కాదు, భటుడి వేషం. భటుడు పరుగున వచ్చి "మహారాజా, కోట తలుపులు మూయించితిని!" అని వెళ్లిపోతాడు. ఆ ఒక్క మాట చాలు నాకు. దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆ మాటను పది రకాలుగా అని చూసుకునేవాణ్ణి. మామను అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"రాజు కోటకు కుంటి భటుడా? సూసిన శత్రువు నవ్వి నవ్వి సస్తడు. ఇగ నాకు యుద్ధమెందుకురా?"

జట్టంతా పగలబడి నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా మళ్లీ ఏడు మళ్లీ అడిగేవాణ్ణి, సిగ్గులేనివాణ్ణి.

ఎనభైల్లో ఒక ఏడాది జింగనూర్‌లో మామకు పరాభవం జరిగింది. అక్కడ ఇంట్లో మాట్లాడుకునేది గోండి, దఫ్తర్లలో మరాఠీ. మామ రాగం తీసి పద్యం పాడుతుంటే ముందు వరసలోవాళ్లు బీడీలు ముట్టించి, వీపులు ఇటు తిప్పి కబుర్లు పెట్టుకున్నారు. ఆ అవమానం ఆయనకు ఎన్నాళ్లయినా అరగలేదు. ఒకరోజు నా దుకాణం ముందు సైకిలు ఆపి, దిగకుండానే అడిగాడు.

"కత్తి దుయ్యంగనే వెలగాలె. పులి లెక్క గుర్రుమనాలె. తెలుగు రానోడు సుత నోరు తెరిసి సూడాలె. చేస్తవా?"

"చేస్త. వేషం ఇస్తవా?"

నా కాలు వైపు చూశాడు.

"వెలిగితే ఇస్త. మా అక్క మీద ఒట్టు."

మా దగ్గర టేకు కర్రకేం కరువు. వడ్రంగి చేత కత్తి చెక్కించి, నడుమ పొడుగునా గాడి తీయించాను. గాడిలో టార్చి బల్బులు వరసగా పేర్చి, సన్న రాగి తీగతో కలిపి, పైన ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టాను. పిడికి బొంగు వెదురు ముక్క వాడాను, సెల్లులు అందులో దూరతాయని. గర్జన కోసం సెల్లులతో మోగే సైకిలు హారను విప్పాను. అది మామూలుగా మేకపిల్లలా అరిచేది. లోపలి రేకు మరను తిప్పగా తిప్పగా గొంతు దిగి గుర్రుమంది, దాన్ని పిడి చివర బిగించాను. కరెంటు మా ఊరికి చుట్టంలా వచ్చిపోయేది కాబట్టి, అతుకులు వేసే కడ్డీని కుంపట్లో కాల్చుకున్నాను. ఆఖరున మీట. డబ్బా రేకు ముక్కను పిడి మీద వడ్రంగి జిగురుతో అంటించాను. బొటనవేలితో నొక్కితే రేకు కింది మేకుకు తగులుతుంది, బల్బులు వెలుగుతాయి, హారను మోగుతుంది. వేలు తీస్తే అన్నీ ఆగిపోతాయి. ఇంతే విద్య.

అమ్మ చేతికిచ్చి నొక్కమన్నాను. "ఓ యవ్వ!" అని అదిరిపడి, మళ్లీ తనే నొక్కింది. ఆ పూటే వాడకట్టంతా తిరిగి "నా కొడుకు వేషం కడుతున్నడు" అని చెప్పి వచ్చింది. అంత సంతోషంగా ఆమెను నేను అంతకు ముందు చూడలేదు.

మొదటి ఆట సిరొంచలోనే. మా జట్టులో ఒక ఆచారం ఉంది. మొహాలకు రంగు వేసుకునే ముందు ఆయుధాలన్నీ అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు నీళ్లతో కడిగి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు వాటి మీద పోసి, బొట్లు పెడతారు. ఉత్త కర్ర కత్తులకు ఏ బాధా లేదు. నేను నా కత్తికి చెయ్యి అడ్డం పెట్టాను.

"మామా, దీనికి బొట్టు పెట్టు, చాలు. నీళ్లు పొయ్యకు. జిగురు నానితే రేకు ఊడుతది."

"తానం చెయ్యని కత్తి పట్టి స్టేజి ఎక్కాల్నా నేను? అమ్మవారి నీళ్లకు నీ రేకు ఊడుతదా? పెద్ద మొనగాడు బయలెల్లిండు!"

కత్తి కొత్తది కదా అని దానికి ప్రత్యేకంగా ఇంకో కాయ కొట్టి, నీళ్లన్నీ పిడి మీదే పోశాడు. నేను గబగబా తుడిచి నొక్కి చూశాను. వెలిగింది. "ఏమాయె?" అన్నాడు మీసం దువ్వుతూ. నాకూ ధైర్యం వచ్చింది. జిగురు నెమ్మదిగా నానుతుందన్న సంగతి ఆ సంబరంలో మరిచిపోయి, తలపాగా చుట్టించుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఆట మొదలైంది. ముందు కుర్చీల్లో దఫ్తర్ల సాహెబులు, చాప మీద ఆడవాళ్లు, వాళ్ల మధ్య అమ్మ. రాజు శత్రువు పేరు చెప్పి కత్తి దూశాడు. నొక్కాడు. లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. లేదు. రేకు పక్కకు జారిపోయిందని తెర పక్కన నిలబడ్డ నాకు అప్పుడే అర్థమైంది.

"రాజుగారి సెల్లులు అయిపోయినయి!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు.

నా వంతు వచ్చింది. ఈటె ఊతగా పట్టుకుని, చేతనైనంత వేగంగా వెళ్లి, రొమ్ము నిండా గాలి పీల్చాను.

"మహారా..."

మామ నా వైపు తిరిగాడు. "నీయవ్వ, కుంటోడా!" అన్నాడు. ఆ అవ్వ ఆయన అక్కే, ఎదురుగా చాప మీద కూర్చుని ఉంది. కత్తి ఎత్తి నా వీపు మీద ఒక్కటి వేశాడు.

కత్తి భగ్గున వెలిగింది. గుర్రుమంది. దెబ్బ అదురుకు రేకు వెళ్లి మేకును తాకింది. జనం ఈలలు వేశారు. మామ కత్తి వైపు ఆశ్చర్యంగా చూశాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ వెలిగింది. భుజం మీద కొట్టాడు, నడుం మీద కొట్టాడు, కింద పడ్డాక ఆ చచ్చు కాలు మీద కొట్టాడు. కొట్టినప్పుడల్లా ఎర్రటి వెలుగు, గర్జన. "వన్స్ మోర్!" అని కేకలు. కుర్చీలో సాహెబు చప్పట్లు కొడుతున్నాడు. నేను నిజంగానే ఏడుస్తున్నాను, బాబోయ్ అని అరుస్తున్నాను. అరిచేకొద్దీ ఈలలు పెరిగాయి.

అమ్మ కోసం చూశాను. లేచి వస్తుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పక్కామెను మోచేత్తో పొడిచి, నా కొడుకే అన్నట్టు నన్ను చూపిస్తోంది. నా వేషం అదే అనుకుంది. ఆ క్షణాన మామ కంటే ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

తెర వెనక మామ రంగు తుడుచుకుంటున్నాడు. తప్పయిందంటాడేమోనని నిలబడ్డాను.

"అల్లుడా!" అన్నాడు. ఆ వరస పెట్టి నన్ను పిలవడం అదే మొదలు. "ఆ రేకు మంచిగ చెయ్యకు. గట్లనే ఉండనీ. నొక్కితే వెలుగుడు ఏముంది, దెబ్బకు వెలగాలె. జింగనూర్‌ల గిదే ఆడుదాం."

"మరి నా మాట?"

"మాటెందుకురా? వాళ్లకు తెలుగొస్తదా? ఏడువు, చాలు."

ఇంటికొస్తే అమ్మ వేడి అన్నంలో నెయ్యి వేసి పెట్టింది. "ఎంత మంచిగ చేసినవ్ కొడుకా! నిజంగ కొట్టినట్టే ఉండె. మీ మామ మాట నిలబెట్టుకున్నడు." వీపంతా వాతలు తేలి ఉన్నాయి. అంగీ విప్పకుండానే తిన్నాను. అవునమ్మా అన్నాను.

జింగనూర్‌లో జనం విరగబడి చూశారు. బీడీ ముట్టించినవాడు లేడు. తర్వాత ముల్చేర, ఏటపల్లి. కాస్త దగ్గరి ఊరైతే అమ్మ కూడా బండెక్కి వచ్చి ముందే చాప పరుచుకునేది. కోట తలుపులు మూయించానన్న మాట ఏ ఊళ్లోనూ నా నోటినుంచి బయటికి రాలేదు.

ప్రతి ఆటకూ ముందు నేను ఒక మూల కూర్చుని, స్క్రూడ్రైవరుతో ఆ రేకును ఇంకాస్త వదులు చేసుకునేవాణ్ణి. బిగుసుకుపోతే మొదటి దెబ్బకు వెలగదు. వెలిగేదాకా కొట్టేవాడు.