పొగ తక్కువ ఆయిలు

తాడేపల్లిగూడెంలో మా మామగారి కొట్టు ఇంట్లోనే ఉండేది. ముందు గదిలో వ్యవసాయ మిషన్లు, వాటి సామాన్లు. మధ్య గదిలో ఆయన మంచం. దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక మంచాన్ని ఆ మధ్య గదిలో వేయించుకున్నది ఆయనే. రెండు వైపులా తలుపులు తీసే ఉంచాలి. కొట్టులోంచి వంటింటికి వెళ్ళినా, వంటింట్లోంచి కొట్టులోకి వచ్చినా నేను ఆ మంచం పక్కగానే నడవాలి. కౌంటరు దగ్గర నేను ఎవరితో ఏం మాట్లాడినా ఆయనకు వినపడుతుంది. మాట తప్పు దొర్లితే లోపలి నుంచి గొంతు సవరించుకుంటారు. ఆ చప్పుడుకి నా వెన్ను బిగుసుకుపోయేది.

నేను ఏలూరులో ఒక క్రైస్తవ మిషన్ స్కూలు టీచరు కూతురిని. బీఎస్సీ అయింది, బీఎడ్ చేసి నాన్నలాగే పాఠాలు చెప్పుకోవాలని ఉండేది. పెళ్ళి చూపుల్లో మామగారే "తప్పకుండా చదివిస్తామండీ" అని మా నాన్నకు మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకునేలోపే ఆయన మంచాన పడ్డారు. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన కొల్లేటికోట వైపు చేపల చెరువుల మీద ఇంజన్లు, మోటార్లు బాగుచేసే పనిలో ఉండి, శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం ఆరాధన అవగానే వెళ్ళిపోయేవారు. నా చదువు సంగతి ఎత్తితే, "ఈ ఒక్క సీజనూ కానీయవే" అనేవారు. డెల్టాలో ఒక సీజను ముగిసేలోపే ఇంకోటి మొదలవుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా కొట్టులో ఎక్కువగా పోయేవి పవర్ స్ప్రేయర్లు. వీపున తగిలించుకుని వరికి మందు కొట్టే చిన్న పెట్రోలు మిషన్లు. వాటికి ఆయిలు విడిగా పోసే చోటు ఉండదు, పెట్రోల్లోనే కలపాలి. ఆ కలిపే ఆయిల్ని అందరూ టూటీ ఆయిల్ అంటారు. మామగారు కొట్టు పెట్టినప్పటి నుంచి మూలనున్న డ్రమ్ములోంచే దాన్ని లూజుగా పోసి ఇచ్చేవారు. స్కూటర్లకి వాడే రకం అది. ఎంత కలపాలని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే: "ఓ చెయ్యి ఎక్కువే పొయ్యండి. ఆయిలు ఎక్కువైతే పొగొస్తుంది, అంతే. తక్కువైతే ఇంజనే పోతుంది." నేనూ అదే చిలకలా అప్పజెప్పేదాన్ని.

ఒక ఏడు సార్వా పంటలో వరికి సుడిదోమ బాగా పట్టింది. ఊళ్ళన్నీ మందు కొట్టేవాళ్ళే. ఒక మధ్యాహ్నం పెంటపాడు నుంచి ఒకావిడ స్ప్రేయరు ఆటోలో వేసుకుని వచ్చింది. వాళ్ళాయన కూలికి మందు కొడతాడట.

"ఏవండీ, ఈ మిషను పొగ మా ఆయన్ని తినేస్తోందండీ" అంది. "పొద్దుగూకేసరికి తలనొప్పి, వాంతులు. మందు వల్ల అనుకున్నామండీ. మొన్న వట్టి నీళ్ళు పోసి మొక్కలకి కొడితే కూడా అంతేనండీ. వేరే ఆయిలేదన్నా ఉంటే ఇవ్వండి."

లోపల గొంతు సవరించుకున్న చప్పుడు. "ఓ చెయ్యి తగ్గించి పోయండి" అనబోయి ఆగిపోయాను. తగ్గిస్తే ఇంజను పట్టేస్తుంది. తగ్గించకపోతే మనిషి పాడైపోతాడు. ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మసి గడ్డకట్టి ఉంది. దాన్ని శుభ్రం చేసి, మిషను రెండు రోజులు ఉంచి వెళ్ళమన్నాను.

ఆ మర్నాడే బీఎడ్ ఎంట్రన్సు రాయడానికి ఏలూరు వెళ్ళాను. ఆ ఒక్కరోజూ మా ఆయన సెలవు పెట్టి కొట్లో కూర్చున్నారు. పరీక్ష రాసి బయటకొచ్చాక, స్టేషన్‌కి వెళ్ళే దారిలో పెద్ద మిషన్ల షాపొకటి కనబడితే లోపలికెళ్ళాను. అక్కడి డబ్బాలన్నీ ఒక్కొక్కటే తిప్పి వెనక ఏం రాసుందో చదివాను. పడవ ఇంజన్లకని కొన్ని, స్కూటర్లకని కొన్ని. గాలితో చల్లబడే చిన్న ఇంజన్లకని ఒక రకం ఉంది, దాని మీద చిన్న అక్షరాల్లో ఎఫ్‌సి అని ముద్ర. అంటే ఏమిటని అడిగితే షాపాయన, "పొగ తక్కువ రకమండీ. ఎఫ్‌బి అని ఉంటే దీనికంటే ఓ మెట్టు కింద" అన్నాడు. మా డ్రమ్ము మీద ఏ అక్షరాలూ లేవని గుర్తొచ్చింది. ఒక డబ్బా కొన్నాను. రైలు కిటికీ పక్కన దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పరీక్ష కంటే ఆ డబ్బా గురించే ఎక్కువ ఆలోచిస్తున్నానని తోచి నామీద నాకే చిరాకేసింది.

మర్నాడు కొట్టు మూసిన మధ్యాహ్నం వేళ పెరట్లో ఆ స్ప్రేయరు దించాను. ముందు మా డ్రమ్ము ఆయిలు కలిపి, చీర కొంగు నడుముకి దోపుకుని, మిషను నేనే వీపున వేసుకున్నాను. తాడు లాగగానే నీలం పొగ మెడ చుట్టూ తిరిగి ముక్కులోకొచ్చింది. అరటిచెట్ల దాకా నాలుగు సార్లు తిరిగేసరికి కళ్ళు మండి, తలనొప్పి మొదలైంది. ఆ బరువుతో, ఆ మోతతో, మూడు వైపులా ప్రహరీ ఉన్న ఆ చిన్న పెరట్లో తిరుగుతుంటే నా బతుకంతా ఇదేననిపించి ఏడుపొచ్చింది. మిషను దించి, ట్యాంకు ఖాళీ చేసి, ఏలూరు ఆయిలు అదే కొలతకి కలిపి మళ్ళీ వేసుకున్నాను. పొగ ఉంది, కానీ పల్చగా తేలిపోయింది. చప్పుడు కూడా తేటపడింది.

"ఏమ్మా, మిషను మార్చావా?" అని లోపలి నుంచి మామగారి కేక.

"మిషను అదేనండీ మావయ్యగారూ. ఆయిలు మార్చాను."

ఆయన డబ్బా తెమ్మన్నారు. ఎడం చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు. నేను ఉత్సాహంగా, "డబ్బా మీద యాభైకి ఒకటి చాలని రాశాడండీ. లీటరుకి ఇరవై మిల్లీ" అన్నాను.

"డబ్బా చేసినాయన మన మిషను చూశాడా?" అన్నారాయన. "మిషనుతో వచ్చిన పుస్తకంలో ఏముంది?"

పుస్తకం వెతికి తెచ్చాను. ఆ రకం మిషనుకి ఇరవై అయిదుకి ఒకటి, అంటే లీటరుకి నలభై.

"అయితే నలభయ్యే పొయ్యి. మంచి ఆయిలు కదా అని తగ్గించావో, ఎండలో గంటసేపు కొట్టగానే పిస్టను పట్టేస్తుంది. పొగ తగ్గాలంటే ఆయిలు మార్చాలి, కొలత కాదు" అన్నారు. కొలత తగ్గించకూడదన్నది ఆయనకెప్పటి నుంచో తెలుసు. ఆయిలు మార్చాలన్నది ఆ రోజే నా పెరటి మోత విని ఒప్పుకున్నారు. డ్రమ్ము తీయించేయమని కూడా ఆయనే అన్నారు.

పెంటపాడు ఆవిడకి కొత్త ఆయిలు డబ్బాతో పాటు మందుల షాపులో దొరికే సిరంజి ఒకటిచ్చాను, సరిగ్గా కొలుచుకోవడానికి. ఆయిలు, పెట్రోలు వేరే డబ్బాలో కలిపి, బాగా కుదిపి, అప్పుడు ట్యాంకులో పోయమని చెప్పాను. తర్వాత ఆవిడే మరి కొందరిని వెంటబెట్టుకుని వచ్చింది. "ఆయ్, ఇప్పుడు వాంతులు లేవండీ" అంది. అక్కణ్ణుంచి జనం పెరిగారు. మండవల్లి నుంచి చేపల చెరువుల వాళ్ళు గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్లు తెచ్చేవారు. ఏ మిషను, ఏ పుస్తకం, ఏ కొలత అని అడిగి తెలుసుకుని ఆయిలు ఇవ్వడం నాకు బాగా పట్టుబడింది. నిజం చెప్పాలంటే ఇష్టంగానే ఉండేది.

అలాంటప్పుడు సీటొచ్చిందని నాన్న ఏలూరు నుంచి ఫోను చేశారు. ఏలూరులోనే కాలేజీ. ఆ శనివారం వంటింట్లో మా ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడాను. "నాన్నగారిని చూసుకోవడానికి ఒక మనిషిని పెడదాం. కొట్టు సంగతి చూద్దాంలే" అన్నారు మొదటిసారిగా. నేను చేరడానికి సర్టిఫికెట్లు సర్దుకున్నాను.

రెండు రోజుల తర్వాత, మామగారికి పాత స్నేహితుడైన ఒక పెద్ద రైతు వచ్చి, నన్ను దాటి నేరుగా మంచం దగ్గరికెళ్ళి ఏ ఆయిలు తీసుకోమంటారని అడిగారు. మామగారు అందరికీ వినపడేలా, "నన్నడక్కండి. మా కోడల్నడగండి. ఈ గూడెంలో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఆవిడ లేకపోతే నేను ఈ కొట్టుకి తాళం వేసి కళ్ళు మూసుకోవడమే" అన్నారు.

ఆ ఇంట్లో నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. ఒళ్ళు పులకరించింది. మరుక్షణం గుండెలో ఏదో గడియ పడినట్టయింది. కొట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగి నవ్వుతున్నారు. చేరాల్సిన రోజు వచ్చింది. పొద్దున్నే రైలు కూత వినపడింది. నేను మామగారికి జావ పడుతున్నాను. గడువు దాటాక సీటు ఇంకెవరికో వెళ్ళింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పక్క మారుస్తుంటే ఆయనే మొదలుపెట్టారు.

"కాలేజీ మానేశావా అమ్మా?"

"మీకెలా తెలుసండీ?"

"ఈ ఇంట్లో నాకు వినపడనిదేముంది? వంటింట్లో మీరిద్దరూ అనుకున్నది విన్నాను. వినే, ఆ రైతు ముందు ఆ మాటన్నాను." ఎడం చేత్తో మంచం పట్టె పట్టుకున్నారు. "అబద్ధం చెప్పలేదు. కానీ నువ్వెళ్ళిపోతావని భయమేసి చెప్పాను."

దుప్పటి నా చేతిలోనే ఉండిపోయింది. కోపం వచ్చింది, చాలా వచ్చింది. ఒక వైపు మెచ్చుకుని ఒక వైపు కట్టేసిన మనిషి, తనంతట తాను పక్కకి ఒత్తిగిల్లలేని మనిషి, నీళ్ళు నిండిన కళ్ళతో నన్నే చూస్తున్నాడు. దుప్పటి పరిచి పెరట్లోకి పోయి నిలబడ్డాను. అంతలో ముందు నుంచి, "ఏవండీ, ఎవరూ లేరాండీ?" అని పిలుపు. ఆ మంచం పక్కగానే నడిచి కొట్టులోకి వెళ్ళాను.

మరుసటి ఏడాది ఆయనే పట్టుబట్టి నాచేత మళ్ళీ పరీక్ష రాయించారు. చదవడానికి సమయం ఎక్కడిది, ర్యాంకు రాలేదు. ఆయన ఇంకొన్నేళ్ళు బతికారు. ఆయన పోయాక మా ఆయన చెరువుల పని మాని కొట్లోకే వచ్చేశారు. ఇక చదువుకోవచ్చు కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఇప్పటికీ ఆదివారం ఆరాధన ముగిసి చర్చి గేటు దాకా వచ్చేసరికి, ఎవరో ఒకరు బైబిలు చంకలో పెట్టుకుని నా కోసం ఆగి ఉంటారు. "అమ్మగారూ, మా బ్రష్ కట్టరు మళ్ళీ పొగ కక్కుతోందండీ" అంటారు. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

"ఏ ఆయిలు పోశారండీ?" అని అడుగుతాను.