మూత లేని డబ్బాలో పినాంగు

మనిషికి నోరు తెరవాల్సిన సందర్భాలు కొన్ని ఉంటాయి. అన్నం తినేటప్పుడు, ఆవులించేటప్పుడు, అప్పుడప్పుడూ అబద్ధం ఆడేటప్పుడు. నాకు మాత్రం మృగశిర తొలకరి పడ్డ మర్నాడు, మా వాగొడ్డు చేను గట్టు మీద, ఊళ్ళో సగం మంది చూస్తుండగా తెరుచుకున్న నోరు ఇంతవరకూ సరిగా మూతపడలేదు. సముద్రం అవతల ఇంకా పునాది కూడా పడని ఇంటికోసం, కాళ్ళ కింద ఉన్న పదెకరాలు ఊడగొట్టుకోబోయిన మొనగాణ్ణి నేను. పదెకరాలన్నానా? నాలుగు. ఈ వయసులో అబద్ధం కూడా అరగడం లేదు, ఆడిన వెంటనే కక్కేస్తున్నాను. జరగబోయేది పెద్ద ప్రళయం కాబట్టి కాస్త సర్దుకుని కూర్చోండి.

మాది రెంటచింతల పక్క ఊరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మిగతా ఆంధ్రదేశమంతా సామెతగా చెప్పుకుంటుంది. మా ఊళ్ళో అది సామెత కాదు, సమాచారం. నాపరాతి గోడలు, నాపరాతి కప్పు, నాపరాతి నేల, మధ్యలో పెనం మీద అట్టులాగా నేను. రాత్రి ఒక పక్క కాలగానే రెండో పక్కకు తిరిగేవాణ్ణి. చీకట్లోంచి మా ఆవిడ సుబ్బులు, "తిరగేశావా?" అని అడిగేది.

అట్లాంటి ఒక వేసవిలో మాచర్ల బస్సులోంచి సంజీవరావు దిగాడు. నరసరావుపేట మనిషి. చాలా ఏళ్ళు మలయాలో రబ్బరు తోటల్లో గుమాస్తాగా చేసి వచ్చినవాడు. తెల్ల పంట్లాం, నెత్తిన టోపీ, చంకలో చుట్టిన పటం. ఆ మలయాలోనే పినాంగు అనే దీవిలో సముద్రం ఒడ్డున కొత్తగా ఒక కాలనీ లేస్తోందట. అందులో ఇళ్ళు ఇప్పించే పని ఆయనది. పటం మా అరుగు మీద పరిచాడు. ఎర్ర పెంకుల ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ పూలచెట్లు, వెనక నీలంగా సముద్రం.

"సాయంత్రమైతే వాన పడుద్ది తమ్ముడూ," అన్నాడు. "రోజూ."

రోజూ వాన అన్న మాట విని నాకు కళ్ళు తిరిగాయి. మా ఊళ్ళో వాన పడితే దాన్నిబట్టి పిల్లల వయసులు లెక్కవేసుకుంటాం.

"ఈ ఇళ్ళన్నీ ఉన్నయ్యా అన్నా?"

"ఉంటయ్యి."

"ఇప్పుడేం ఉన్నయ్యి?"

"గేటుంది."

తెలివిగలవాడు అక్కడే లేచి పోయేవాడు. నేను ఆ గేటుకే పడిపోయాను. మా ఇంటికి గేటు లేదు. గోడల మాటేమిటని అడిగితే, ముగ్గుతో గీతలు గీశారని చెప్పాడు. గీత పడ్డాక గోడ పడకుండా ఎక్కడికి పోతుందని నేనే ఆయనకు ధైర్యం చెప్పాను.

ఒక్క చిక్కు వచ్చింది. పటాన్ని దిక్కులకు సరిగా తిప్పి చూస్తే సముద్రం నైరుతిలో పడింది. నైరుతిలో నుయ్యి తవ్వితేనే కొంప మునుగుతుందంటారు, అక్కడ ఏకంగా సముద్రం. ఆ సంగతి చెప్పి దిగులుగా కూర్చున్నాను. సంజీవరావు పటం మీంచి తలెత్తి నా ముఖంలోకి చూశాడు. మలయాలో ఇన్నేళ్ళున్నా ఇట్లాంటి ప్రశ్న ఆయనకు తగిలినట్టు లేదు.

"ఇల్లు తిప్పుదాం," అన్నాడు చివరికి. "ఇంకా కట్టలేదుగా."

కట్టని ఇంటిలో ఇంత సుఖం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే మాచర్ల అవతల కృష్ణకు ఆనకట్ట కడుతున్నారు. మా పొలాల్లో కాలువ కోసం కొలతల రాళ్ళు కూడా పాతారు. ఆ రాళ్ళను చూసి నవ్వినవాళ్ళలో మొదటివాణ్ణి నేను. "ఈ రాళ్ళకు నీళ్ళొస్తయ్యా, మొలకలొస్తయ్యా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. కళ్ళెదుట తవ్వబోయే కాలువను నమ్మలేదు గాని, చూడని సముద్రం పక్కన ముగ్గు గీతను నమ్మాను.

ఇల్లు కొనాలంటే చేను అమ్మాలి. చేను సుబ్బులుది. వాళ్ళ నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన నల్లరేగడి. దానికి సిద్ధంగా ఉన్న బేరగాడు పక్క చేను కోటయ్య మామ. మామంటే చుట్టం కాదు, ఊరి వరస. మట్టి నాలిక మీద వేసుకుని అది ఏ చేనుదో చెప్పగలనని ఊరంతా చాటుకునేవాడు. మా చేను గురించి మాత్రం, "చవుడు తేలిందిరా వీరయ్యా, నేను కాబట్టి తీసుకుంటన్నా," అని పెదవి విరిచేవాడు. నేనూ పినాంగు మైకంలో ఉన్నాను కాబట్టి, అవునవును వట్టి చవుడేనని తలాడించేవాణ్ణి. సొంత చేనును అట్లా తిట్టినవాణ్ణి నన్నే చూశాను.

సుబ్బులు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం పెడుతూ తేల్చింది.

"గొడ్లపాక వేసేటప్పుడు గూడా మట్టిలో నవధాన్యాలు చల్లి చూసి వేశాం. అంత దూరాన ఇల్లంటే చూడొద్దా? ఆ మట్టి తెప్పియ్యి. మొలిస్తే వేలిముద్ర వేస్తా. మొలవకపోతే ఆ టోపీ ఆయన్ని మళ్ళీ మన అరుగెక్కనీయొద్దు."

ఈ మాట సంజీవరావుకు చెప్పాను. అప్పుడు మేమిద్దరం వాగొడ్డు చేలోనే ఉన్నాం. ఎంత చేను అమ్ముతున్నానో చూపిద్దామని తీసుకెళ్ళాను. బస్సు రోడ్డు ఆ గట్టును ఆనుకునే పోతుంది.

"మట్టా?" అన్నాడు.

"మట్టే."

"పటం ఉంది, రసీదు పుస్తకం ఉంది, గేటు ఫోటో ఉంది. మట్టెందుకు తమ్ముడూ?"

మట్టి చూడకుండా ఇల్లు కొంటే మా వంశంలో ఎవరూ ఒప్పుకోరని గట్టిగా చెప్పాను. మాచర్ల సత్రంలో ఉన్న పెట్టెలో ఉందేమో చూస్తానని ఆయన నీరసంగా బస్సెక్కాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, చెమటలు కక్కుకుంటూ, రోడ్డు వైపునించి నడిచి వచ్చాడు. చేతిలో పెద్ద బిస్కెట్ల డబ్బా. దాని మీద పొగగొట్టం ఉన్న ఓడ బొమ్మ. డబ్బాకు మూత లేదు, మూతికి చేతిరుమాలు కట్టి ఉంది.

"మూతేదన్నా?"

"ఓడలో పోయింది తమ్ముడూ. సముద్రమన్నాక గాలుంటది గదా."

ఉంటుంది గదా మరి. రుమాలు విప్పి చూసి నివ్వెరపోయాను. నల్లగా, మెత్తగా, అచ్చం మా రేగడిలాగే ఉంది. ఆ మాటే అంటే, "భూదేవి ఎక్కడైనా భూదేవేగా," అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కోటయ్య మామను పిలిపించాను. ఆయన చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళివిందులో మొదటి బూరె కొరికినవాడిలా ముఖం విప్పారింది.

"ఉప్పు లేదు, చవుడు లేదు. వెన్నరా అబ్బాయ్. ఇట్టాంటి మట్టి మన పలనాడులో ఎవడికీ లేదు. ఇది చేతిలో పెట్టుకుని అమ్ముకునేవాడు గాడిద."

ఈ మాట గుర్తుంచుకోండి. నేను మరిచిపోదామని చాలా ప్రయత్నించాను.

డబ్బాలోనే నవధాన్యాలు చల్లాం. దానికి నేను చేసిన సేవ మా నాన్నకు చేసి ఉంటే ఆయన ఇంకో ఇరవై ఏళ్ళు బతికేవాడు. గొడుగు పట్టాను. గేదెకు తెచ్చిన నీళ్ళు దానికి పోశాను. గేదె నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. పెసలు, మినుములు, బొబ్బర్లు అన్నీ గుంపుగా లేచాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకు మేము చల్లనిది కూడా ఒకటి లేచింది, సన్నటి ఆకులతో.

తొమ్మిది చల్లితే పది మొలిచాయి. నేను వీధిలోకి పరిగెత్తి అందరికీ చెప్పాను. విత్తకుండా మొలకెత్తే నేల భూమ్మీద పినాంగులో తప్ప ఇంకెక్కడైనా ఉంటుందా?

సుబ్బులు వచ్చి ఆ ఆకు తుంచి వాసన చూసింది. "ధనియాల మొలక గదా ఇది," అంది.

"ఏమే, పినాంగు మొక్కకు పినాంగు పేరుంటది. అన్నిట్నీ చారులోకి లాక్కురాబాకు."

"పోయినేడు మన చేలో ధనియాలు పండి రాలలా?"

ఈ ఆడదాని అజ్ఞానానికి దిగ్భ్రాంతి చెందాను. ఎక్కడి పినాంగు, ఎక్కడి మా చేను. సుబ్బులు మాత్రం, మొలిచింది కాబట్టి మాట ప్రకారం వేలిముద్ర వేస్తానంది. తుంచిన ఆకును కొంగున ముడేసుకుంది. నేను పట్టించుకోలేదు.

దస్తావేజు రాయించడానికి గురజాల వెళ్ళాలనుకున్న రోజుకు ముందురాత్రి తొలకరి పడింది. తెల్లవారి బండి కట్టబోతుంటే నాకు ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. వెళ్ళేముందు ఆ డబ్బాను మా చేను పక్కన పెట్టి, ఏది మట్టో ఏది మశానమో అందరికీ చూపించాలి. సంజీవరావుకు ఆ ఆలోచన నచ్చలేదు. ఎండన్నాడు, మబ్బుగా ఉందన్నాను. కడుపులో నొప్పన్నాడు, నడిస్తే తగ్గుతుందన్నాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

ఊళ్ళో సగం మంది అన్నాను గదా. కోటయ్య మామ, సంజీవరావు, సుబ్బులు, నేను. అయిదోది మా గేదె, అది మేతకు వచ్చింది.

గట్టు మీద నిలబడి డబ్బా పైకెత్తాను. "ఇది పినాంగు," అన్నాను. "అది మా చేను. కళ్ళున్నవాళ్ళు చూసుకోండి."

కళ్ళున్నది సుబ్బులుకు. "ఆ గుంతేంది?" అని అడిగింది.

రోడ్డు పక్క గట్టు కింద కొత్తగా తవ్విన చిన్న గుంత. దాని చుట్టూ, తడిసిన రేగడి మీద, పోయినేడు రాలిన ధనియాలు వానకు ఉబ్బి గుంపులు గుంపులు. గుంతలో వాననీళ్ళు. ఆ నీళ్ళలో తళతళలాడుతూ ఒక రేకు మూత. మూత మీద పొగగొట్టం ఉన్న ఓడ.

దిగి దాన్ని తీశాను. తుడిచాను. నా చేతిలో ఉన్న డబ్బాకు పెట్టి చూశాను. టక్కున పట్టింది.

ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా, ఆ క్షణంలో నేను సంజీవరావు కాలరు పట్టుకుని, "దొరికావు," అన్నానని చెప్తూ వచ్చాను. అది అబద్ధం. నిజంగా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"అన్నా, నీ మూత దొరికింది. ఆ ఓడ ఇటువైపు గూడా వచ్చిందా?"

గేదె నెమరు ఆపింది. సుబ్బులు నావైపు చూసిన చూపులో కోపం లేదు, పుట్టుకతో ఏదో లోపం ఉన్న దూడను చూసినట్టు చూసింది. అప్పుడు, కాలి బొటనవేలి దగ్గర మొదలై, సంగతి మెల్లగా నా తలకు ఎక్కింది. నోరు తెరుచుకుంది.

సంజీవరావు టోపీ తీసి గట్టు మీద కూలబడ్డాడు. "నన్నేం చేయమంటావమ్మా," అన్నాడు సుబ్బులుతో. "గేటు నిజం. ముగ్గూ నిజం. మీ ఆయన మట్టి మట్టి అని నా ప్రాణం తోడాడు. మట్టి ఎవడు తెస్తాడు ఓడలో? బస్సు దిగి, దగ్గరగా ఉంది గదాని ఇక్కడే డబ్బాతో తోడాను. లారీ వస్తంటే కంగారులో మూత వదిలేశాను."

సుబ్బులు ఆయన్ని వదిలేసి కోటయ్య మామ వైపు తిరిగింది.

"మామా, మా చేను చవుడంటివి."

కోటయ్య మామ దూరంగా కనిపించే కొండను పరిశీలించసాగాడు.

"వెన్నంటివి గదా మొన్న. నాలిక నీదేనా, అరువు తెచ్చుకున్నావా?"

నిన్నటిదాకా ఆ నాలికంటే ఊరికి భయభక్తులు. మామ పైపంచె దులుపుకున్నాడు.

"చవుడన్నది అబద్ధమేనమ్మా. ఒప్పుకుంటన్నా," అన్నాడు. నావైపు వేలు చూపించాడు. "అమ్ముకునేవాడు గాడిదన్నా చూడు, అది మాత్రం నిజం."

చేను అమ్మలేదు. సంజీవరావుకు కడుపునిండా అన్నం పెట్టి బస్సెక్కించింది సుబ్బులు. ఆ పూట చారులో కొత్తిమీర ఎక్కడిదో నేను అడగలేదు. డబ్బా మాత్రం మూతతో సహా వంటింట్లో ఉండిపోయింది, ధనియాలు పోసుకోవడానికి. నేను ఏ కొత్త వ్యాపారం గురించి నోరు విప్పినా లోపలినించి ఆ మూత టక్కుమనేది.

చాలా ఏళ్ళకు కాలువా వచ్చింది. నేను ఎగతాళి చేసిన రాళ్ళ వెంబడే నీళ్ళు వచ్చి మా వాగొడ్డు చేనును తాకాయి, సరిగ్గా నైరుతి మూలన. సుబ్బులు గట్టు మీద నిలబడి, "చేను తిప్పిద్దామా?" అని అడిగింది.

అందుకని ఆ కాలువ నీళ్ళు దోసిట పట్టి, మా గేదె సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ సముద్రం అవతల ఇల్లు బేరమాడను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని బేరమాడినా, మట్టి చూపించమని అడగను. అంతకూ తప్పక అడగాల్సివస్తే, ముందు మూత చూపించమంటాను.