అడవి బెండ మీద అనుమానం

మెదక్ కూరగాయల మార్కెట్‌లో బీబీజాన్ దగ్గర పుచ్చిన కాయ ఒక్కటి కూడా ఉండదని పేరు. ఇరవై ఏళ్లుగా ఆమె అమ్మేవి రెండే: బెండకాయలు, పుంటికూర అని పిలిచే గోంగూర. సరుకు తెచ్చేది తోడబుట్టిన తమ్ముడు వాహెదే అయినా, ఆమె సంచి కుమ్మరించి ఒక్కో కాయనూ తిప్పి చూసేది. చిన్న చిల్లు కనబడితే పక్కకు విసిరేసేది. భర్త పోయాక ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. నమ్మి బాగుపడినవాళ్లను తాను చూడలేదనేది.

ఆ వానాకాలం నిజాంపేట వైపు నుంచి యాదవ్వ అనే ఆమె వచ్చి పక్కనే గోనెసంచి పరిచింది. దాని మీద పొట్టిగా, లావుగా, ఒళ్లంతా నూగుతో ఉన్న కాయలు.

"ఏం కాయలివి?" అని అడిగింది బీబీజాన్.

"అడివి బెండ, బీబమ్మా. గట్ల మీద మొలుస్తయి. మా అవ్వ కాలంకెల్లి తింటున్నం."

"గట్టు మీద మొలిచినయన్నీ తింటరా?"

"అన్నీ తినం. తినేటియే తింటం."

ఆ జవాబు బీబీజాన్‌కు నచ్చలేదు. తన గిరాకీ రెండడుగులు పక్కకు జరగడం అంతకన్నా నచ్చలేదు. అంగన్‌వాడీ టీచర్ సువర్ణ ఎప్పటిలాగే ఆమె దగ్గర బెండకాయలు తీసుకుని, పోతూపోతూ యాదవ్వ దగ్గర కూడా దోసెడు కాయలు కొన్నది. మర్నాడు కబురొచ్చింది. సువర్ణకూ ఆమె భర్తకూ వాంతులు, కళ్లు తిరగడం. ఇద్దరినీ దవాఖానలో చేర్చారు.

"నేను ముందే అనుకున్న," అంది బీబీజాన్ నలుగురికీ వినబడేలా. "ఆ నూగుకాయల్ల విషముంది."

మాట మార్కెట్ చుట్టి వచ్చేసరికి సువర్ణ చావుబతుకుల్లో ఉందన్నారు. యాదవ్వ ఒక లేత కాయను కొంగుతో తుడిచి, అందరూ చూస్తుండగానే కొరికి నమిలింది. చూసినవాళ్లు కూడా నమ్మలేదు. ఆమె సంచి దులిపి భుజాన వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

మూడో రోజు సువర్ణ ఇంటికొచ్చిందని తెలిసి, తన మాటకు సాక్ష్యం దొరుకుతుందని బీబీజాన్ వెళ్లింది. సువర్ణ నీరసంగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆ అడివి బెండనే గద టీచరమ్మా, మీ పానం మీదికి తెచ్చింది?"

"అవి ఇంక వండనే లేదు బీబీజానక్కా. అగో, గంపల అట్లనే ఉన్నయి. మేం తిన్నది నీ బెండకాయ వేపుడే."

బీబీజాన్ వెంటనే లేచింది. ఇంటికొచ్చి, అమ్మగా మిగిలిన బెండకాయలను ముక్కు దగ్గర పెట్టుకుంది. అనుమానం తీరక కోడలు ఫర్హీన్‌కు కూడా చూపించింది.

"పురుగుల మందు వాసనొస్తుంది, అమ్మీ," అంది ఫర్హీన్.

తెల్లారి బీబీజాన్ కౌడిపల్లి బస్సెక్కింది. వాహెద్ కౌలు తోటలో, గట్టు మీద మందు కొట్టే పంపు ఇంకా తడిగానే ఉంది.

"మందెప్పుడు కొట్టినవ్?"

"నిన్న పొద్దుగూకంగ."

"మరి తెంపేది?"

"ఇగ ఇప్పుడే. అందరు గిట్లనే చేస్తుండ్రు ఆపా." తలెత్తకుండానే ఇంకో మాట అన్నాడు. "చిన్న చిల్లున్నా నువ్వే విసిరేస్తివి. నేనేం చెయ్యాలె?"

ఆమెకు కోపం రావలసింది. రాలేదు. తోట నిండా బెండ పూలు, పసుపు రెక్కల నడుమ ముదురెరుపు. ఇన్నేళ్లు కాయలమ్మి ఆ పువ్వును ఎన్నడూ నిదానంగా చూడలేదు. తోటలో సగం ఆకులు తెగులుతో పసుపెక్కాయి. గట్టు మీద ఎవరూ వేయని మొక్క ఒకటి అదే పువ్వుతో, నూగుకాయలతో, పచ్చగా నిలబడి ఉంది.

"మందు కొట్టినంక వారం ఆగి తెంపు. పుచ్చులుంటే ఉండనీ, నేను ఏరుకుంట," అంది.

మర్నాడు మార్కెట్‌లో సంగతంతా తన నోటితోనే చెప్పింది. కొందరు ఆ రోజు నుంచి ఆమె దగ్గర కొనడం మానేశారు. ఆ తరువాత వాకబు చేసుకుంటూ యాదవ్వ ఊరికి వెళ్లింది. యాదవ్వ పత్తిచేలో కలుపు తీస్తోంది.

"తప్పు నాది యాదవ్వా. అందరి ముందట చెప్పిన."

"నన్ననేటప్పుడు గూడ అందరి ముందటనే అన్నవ్." యాదవ్వ చెయ్యి ఆగలేదు. "గీ పత్తి పువ్వు సూడు, బెండ పువ్వు సూడు, పుంటికూర పువ్వు సూడు. అన్నీ ఒక్క కడుపుల పుట్టినట్టుంటయి. నీకు నా అడివి బెండొక్కటే పరాయిదైంది."

రెండు వారాలకు యాదవ్వ మళ్లీ మార్కెట్‌కు వచ్చింది. బీబీజాన్ పక్కన కాదు, నలుగురిని దాటి అవతల కూర్చుంది. బీబీజానే లేచి వెళ్లి దోసెడు కాయలు తీసుకుంది.

"గోనెగుడ్డతోని రుద్ది నూగు తియ్యి. లేతయే పులుసు పెట్టు," అంది యాదవ్వ.

"ముదిరినయి తింటే ఏమైతది?"

"పంటి సందుల్ల నార ఇరుక్కుంటది. సావవు తియ్యి."

ఆ ముఖంలో ఉన్నది నవ్వో, ఎగతాళో బీబీజాన్ పోల్చుకోలేకపోయింది.