పన్నెండు అడుగులకొక బండ

నిన్న పెరట్లో నడక దారి పక్కన, కూర్చోవడానికి కడప బండలు వేయించాను.

"ఎంత ఎడం పెట్టమంటావవ్వా?" అన్నాడు మేస్త్రీ.

"నా నడకతో నలభై అడుగులు."

బండ మీద అతను నీళ్లు చల్లగానే తడిసిన రాతి వాసన లేచింది. నాకు ఎనిమిదేళ్లప్పటి మా పెరడు గుర్తొచ్చింది.

ఆ ఏడు ఉగాది మరునాడు మా నాయన పెరట్లో కానుగ చెట్ల మధ్య ముళ్లకంప కొట్టి దారి తీశాడు. నలభై అడుగులకొక బండ వేశాడు. పొద్దున్నే అమ్మా నేనూ నడిచేవాళ్లం. అడుగులు లెక్కపెట్టడం నా పని. వినాయక చవితికి బండల ఎడం ఇరవై ఐదు అడుగులైంది. దసరాకి పన్నెండు.

నాకు కోపమొచ్చింది. "నేనేమన్నా చిన్నపిల్లనా నాయనా? నలభై అయినా నడుస్తా."

"నీ కాళ్లు నొస్తాయనే జరిపినాలే పాపా" అన్నాడు నాయన, అమ్మ వైపు చూడకుండా.

"దీనికి శానా రోషముండాది" అని అమ్మ నవ్వింది. అంత చిన్న మాటకే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది.

నా రోషం చూపించడానికి నేను ఏ బండ మీదా కూర్చోకుండా పరుగెత్తి, దారి చివర నిలబడి "రామ్మా, రా" అని పిలిచేదాన్ని. అమ్మ వచ్చేది.

కార్తీకంలో అమ్మ పోయింది. బండలు జరిపింది అమ్మ కోసమని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఉదయం కొత్త దారిలో నడిచాను. ముప్పై రెండో అడుగు దగ్గర ఆగిపోయాను. ముందు నుంచి పిలిచేవాళ్లెవరూ లేరు. కాస్త ఊపిరి తీసుకుని, మిగిలిన ఎనిమిదీ లెక్కపెట్టుకుంటూ నడిచాను.