ఆంజనేయుడి తోక, నా అప్‌డేటు

ఆంజనేయస్వామి తోకను నిటారుగా నిలబెట్టిన ఘనుణ్ణి మీరెవరైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. కొన్నేళ్ల కిందట ఆళ్లగడ్డలో, విజయదశమి నాడు పొద్దున్నే ఆ ఘనకార్యం చేశాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నంద్యాలలో నా కంప్యూటర్ల కొట్టుకు ఈగలు తప్ప ఎవరూ రాని రోజుల్లోనే నేను రచ్చ మీద పడ్డాను. ఆ రచ్చ మా మామ. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. "కాగితాల మీద ఎన్నాళ్లు గీస్తావు మామా" అని వెంటపడి, ఆయన షెడ్డులో లైనక్స్ కంప్యూటర్ పెట్టించి, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ నేర్పించాను. పాపం, కళ్లద్దాలు తుడుచుకుంటూ నెలరోజులు కూర్చుని తొమ్మిదడుగుల ఆంజనేయుణ్ణి అందులోనే గీశాడు. ఆ విగ్రహం చేయించాలనుకున్న పాణ్యం పెద్దాయన ఒకరు పండుగనాడు వచ్చి ఆ బొమ్మ చూస్తానన్నారు. నచ్చితే అప్పుడే తొలి ఉలిదెబ్బ, లేకపోతే పక్క షెడ్డుకు పోతారు. అంత పెద్ద విగ్రహం మామకు అదే మొదటిది.

ముందురోజు ఆయుధపూజ. మామ ఉలులు, సుత్తులు కడుగుతున్నాడు. అత్త రాయి కోసే మిషన్ తుడుస్తోంది. అందరి ఆయుధాలూ తళతళలాడుతుంటే నా ఆయుధం మాత్రం మురికిగా ఉండాలా? పైపైన దుమ్ము తుడిచి ఊరుకునే రకం కాదు కదా నేను! లోపలున్నవన్నీ ఒక్క దెబ్బతో అప్‌డేట్ చేశాను.

తర్వాత ప్రోగ్రామ్ నొక్కితే తెరుచుకోలేదు. తనకు కావలసిన లైబ్రరీ కనబడలేదంది. ఇలాంటి ప్రోగ్రాములు అన్ని పనులూ సొంతంగా చేసుకోవు. వంపులు గీసే పనికి లైబ్రరీ అనే వేరే సామాను మీద ఆధారపడతాయి. నేను పాతదాన్ని తీసేసి కొత్తది తెచ్చి పెట్టాను, ప్రోగ్రామేమో పాతదే కావాలని మొండికేసింది. సరి చేద్దామని చెయ్యి చాపేలోపల అత్త వచ్చి తెర మీద గంధపు బొట్లు పెట్టి, కీబోర్డు మీద బంతిపూల దండ వేసింది.

"అత్తా, ఒక్క నిమిషం..."

"ఏందప్పా నిమిషం? పూజ అయినాక ఆయుధం ముట్టుకుంటారా యాడన్నా?"

"చిన్న పని మామా," అన్నాను మామవైపు తిరిగి.

"రేపు పొద్దున కదిలించేదాకా నేను ఉలినే ముట్టను. నీ పెట్టె ఏమన్నా గొప్పదా?" అన్నాడు మామ. ఆపైన అనుమానంగా చూశాడు. "ఏం, ఏమన్నా చేసినావా?"

"అబ్బే! పూజ బాగుంది మామా."

ఆ పూట అత్త భక్షాలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తుంటే నా కళ్లు మాత్రం కీబోర్డు మీది బంతిపూల దండనే చూస్తున్నాయి.

పొద్దున హారతి ఇచ్చి పూలు తీయగానే కంప్యూటర్ మీద పడ్డాను. పెద్దాయన కారు అప్పుడే షెడ్డు ముందు ఆగింది. గాభరాలో నాకు తోచిన ఉపాయం ఏమిటంటే, కొత్త లైబ్రరీకే పాత పేరు తగిలించడం. పెళ్లికొడుకు రాలేదని అతని చొక్కా తొడిగి తమ్ముణ్ణి పీటల మీద కూర్చోబెట్టడమన్నమాట. ప్రోగ్రామ్ నమ్మింది, తెరుచుకుంది! మీసం మెలేసి బొమ్మ ప్రింటు తీశాను.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను సాక్షాత్తూ ఆంజనేయుణ్ణే చేయబోతే, వంపులన్నీ పోయి తోక జెండాకర్రలా నిలబడింది. గద నూనె డబ్బాలా నలుపలకలుగా వచ్చింది.

పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఏమప్పా, స్వామి తోక ఇట్లుండాదే? కరెంటు షాక్ కొట్టిందా?"

మామ చూసిన చూపుకు రాయి అయితే పగిలేది. "అల్లుడా, ఏం చేసినావో చెప్పు."

ఆయుధపూజకని కంప్యూటర్‌ను లోపల కడిగిన సంగతంతా చెప్పేశాను. పెద్దాయన నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కూలబడ్డారు. "లోపల కడిగినాడంట! సరే, మేం కాఫీ తాగుతాం. అంతలోకి తోక వంచు నాయనా," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికి గాని బుద్ధి పని చేయలేదు. మనం తీసేసిన పాత లైబ్రరీ కంప్యూటర్‌లోనే ఒక మూల దాచి ఉంటుంది. దాన్నే తిరిగి ఎక్కించి, ఇకమీదట ఏ అప్‌డేటూ దాన్ని కదిలించకుండా తాళం వేశాను. కాఫీ గ్లాసులు ఖాళీ కాకముందే తోక చక్కగా చుట్టలు తిరిగింది.

పెద్దాయన చాలాసేపు చూసి, "మొకంలో నవ్వుండాది. ఇదే చెక్కప్పా," అన్నారు. మామ ఉలి అందుకున్నాడు. ఆ మొదటి దెబ్బ చప్పుడు వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరుసటేడు ఆయుధపూజకు అందరికంటే ముందే పోయాను. "రా అల్లుడా, నీకోసమే కాచుకోనుండా" అని మామ పీట వేసి కూర్చోబెట్టాడు. ఉలులకంటే ముందు నా రెండు చేతులకూ గంధం పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టాడు.

"పూజ అయిపోయింది. రేపు పొద్దుటి దాకా ఈ ఆయుధాలు కదలగూడదు."

ఆ పూట భక్షాలు అత్తే తినిపించింది. కాబట్టి ఆ బంతిపూల దండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పండుగ ముందురోజు ఏ కంప్యూటర్‌నూ శుభ్రం చేయను. దుమ్ము కూడా తుడవను.